మామిడి ముట్టకుండా ములకలపల్లికి

నిరుడు చేసిన తప్పు దిద్దుకోవడానికే ఈ ప్రయాణం. ములకలపల్లి దగ్గర అడవి అంచు పల్లెలో ఉండే కోయ దంపతులు లక్ష్మయ్య, ముత్తమ్మ నాకు మూడేళ్ళుగా స్నేహితులు. నిరుడు ఉగాది వెళ్ళగానే మా నూజివీడు తోటలోని మామిడికాయలు సంచి నిండా తీసుకెళ్ళి నేరుగా వాళ్ళింట్లో దింపాను. ఊరంతా కలిసి మామిడి పండుగ చేసి, వేల్పుకు పెట్టందే కొత్త కాయను గడప లోపలికి రానివ్వరని నాకు తర్వాత తెలిసింది. ముత్తమ్మ సంచి బయటపెట్టి ఇల్లంతా అలుక్కుంది. ఎప్పుడూ జవాబు రాసే లక్ష్మయ్య ఆ తర్వాత నా రెండు ఉత్తరాలకూ పలకలేదు. వాళ్ళను పోగొట్టుకున్నానేమోనన్న దిగులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

అందుకే ఈ ఏడాది వాళ్ళ పండుగ అయ్యేదాకా నేనూ మామిడి ముట్టనని పట్టుపట్టాను. ముక్కలు వేయని ఉగాది పచ్చడి నాకు వేరుగా కలపమంటే, "తోట పెట్టుకుని ఇదేం విడ్డూరమండీ!" అని మా ఆవిడ తల కొట్టుకుంది. నేను వింటేగా! ములకలపల్లి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి పండుగ ఏ రోజో కనుక్కుని బయల్దేరాను.

ఖమ్మంలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకు కొత్తగూడెం, అక్కడి నుంచి ములకలపల్లికి మరో గంటన్నర. చివరి ఐదు కిలోమీటర్లకు ఆటో కిరాయి నలభై రూపాయలు.

"పండగనాడు బయటోళ్లను రానిస్తరో లేదో సార్, మల్ల నన్ను అనొద్దు" అన్నాడు డ్రైవర్.

"రానివ్వకపోతే నడిచి వెనక్కి వస్తాను. పోనివ్వు బాబూ" అన్నాను.

నేను చేరేసరికి ఊరి పెద్ద చేతుల మీదుగా వేల్పుకు కాయలు పెట్టడం అయిపోయింది. లక్ష్మయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ ఎదురు రాలేదు. ముత్తమ్మ నా ఖాళీ చేతులకేసి చూసింది.

"ఈసారి ఏం తేలేదా అన్నా?"

"తేలేదమ్మా. తినలేదు కూడా. మీ పండుగ అయ్యాకే తిందామని ఆగాను."

"గన్ని చెట్లు పెట్టుకొని ఒక్క కాయన్న తినలే?"

"ఉగాది పచ్చడిలో కూడా తినలేదు."

ఆమె కోయలో ఏదో అంది. లక్ష్మయ్య పకపకా నవ్వి నన్ను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుని, ఉప్పద్దిన ముక్క నా చేతిలో పెట్టాడు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కళ్ళలో నీళ్ళు తిరిగితే పులుపు మీదికి నెట్టేశాను.

స్నేహమంటే తీసుకెళ్ళి ఇవ్వడమే అనుకునేవాణ్ణి. వాళ్ళు ఆగే చోట మనమూ ఆగాలని యాభై ఏళ్ళు దాటాక తెలిసొచ్చింది. ఇటు వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట: కాయో పండో తీసుకెళ్ళే ముందు వాళ్ళ పండుగ అయిందో లేదో అడగండి. తిరుగు బస్సు ములకలపల్లిలో నాలుగింటికి. దానికోసం నేను లేస్తుంటే ముత్తమ్మ బిందె చేతికిచ్చింది.

"చుట్టాలైతే పోనిస్తం. నువ్వు ఇంటోడివి గదా, బోరింగు కాడికి పోయి నీళ్లు తే."

ఆ రోజు నాకు బస్సు అందలేదు.