ఆవుతో మాట్లాడినట్టు

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మకి ఒక అలవాటుంది. ఏ జంతువునైనా ముట్టుకునే ముందు నాలుకతో టక్ టక్ మని చిన్న చప్పుడు చేస్తుంది. మెడ మీద అరచెయ్యి ఆనించి, గొంతు బాగా తగ్గించి, "అంతే అంతే, అయిపోయింది, బంగారు తల్లివి కదూ" అంటూ మాట్లాడుతుంది. సూది దిగేదాకా ఆ మాటలు ఆగవు. ఎంత బెదురుగొడ్డయినా ఆ గొంతుకి చెవులు వాల్చాల్సిందే.

ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ గొంతు ఎరగరు. "గొడ్లతో తేనె కారుతుంది. మా దగ్గరికొచ్చేసరికి కషాయం తాగిన మొహం పెడతావేం?" అని అత్తగారు దెప్పేది.

"మీరు తన్నరు కదా అత్తయ్యా," అనేది ఆవిడ.

జబ్బు ఊరి మీద పడ్డాక పెద్దాస్పత్రి నుంచి ఆవిడకి పిలుపొచ్చింది. ఊపిరాడనివాళ్ళతో వార్డులు నిండిపోయాయి. ఊపిరి యంత్రాలు నడపడం తెలిసినవాళ్ళలో సగంమంది తామే మంచాన పడ్డారు. కుక్కలకీ గుర్రాలకీ ఆపరేషన్ చేసేటప్పుడు మత్తిచ్చి, గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి నడిపించడం ఆవిడకి అలవాటైన పనే. అందుకని రమ్మన్నారు. ఏ మందు ఎంత ఇవ్వాలో అక్కడి డాక్టరు చెప్తాడు, ఈవిడ యంత్రాలు చూసుకుంటూ చెప్పిన పని చెయ్యాలి. తన ఆస్పత్రిలో ఉన్న ఒక్క యంత్రాన్నీ వ్యాన్లో ఎక్కించి వెంట తీసుకెళ్ళింది. జబ్బు ఇంటికి మోసుకెళ్ళకూడదని పశువుల ఆస్పత్రి మందుల గదిలోనే చాప వేసుకుని పడుకునేది. భర్త రోజూ గేటు దగ్గర భోజనం క్యారేజీ పెట్టి, దూరం జరిగి నిలబడి, ఆవిడ తీసుకున్నాక చెయ్యూపి వెళ్ళిపోయేవాడు.

మొదటిరోజు పెద్ద నర్సు ఆవిడని కిందికీ మీదికీ చూసింది.

"పశువుల డాక్టరు మీరేనా? భయపడకండి. ఇక్కడ కొమ్ములున్నవాళ్ళు పెద్ద డాక్టరుగారొక్కరే. మిగతావాళ్ళం పొడవం."

రోగులని బోర్లా తిప్పి పడుకోబెడితే కాస్త గాలి ఆడుతుంది. రోజంతా అదే పని. ఒకసారి అలా తిప్పబోతూ డాక్టరమ్మ, అలవాటు కొద్దీ, నాలుకతో టక్ టక్ మనిపించి ఒకాయన మెడ తట్టింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఊపిరాడకపోయినా రోషం మాత్రం ఆడుతూనే ఉంది.

"నేనేమన్నా ఎద్దునా?"

ముసుగులో పెద్ద నర్సు భుజాలు కదిలేలా నవ్వింది. డాక్టరమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండ్రోజులు నోరు కట్టేసుకుంది. అయితే ఆ చప్పుడు లేకపోతే చేతులు పని మరిచిపోయినట్టు తడబడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టింది. తల నుంచి కాలిదాకా కప్పుకున్నాక వార్డులో పనిచేసేవాళ్ళందరూ ఒక్కలాగే ఉంటారు. ఆ చప్పుడుని బట్టే రోగులు ఆవిడని గుర్తుపట్టేవారు. హెడ్మాస్టరు కూడా, పోయేముందు, "ఆ ఎద్దులావిణ్ణి పిలవండి" అన్నాడు. ఆవిడ వెళ్ళేసరికి పక్క మారుస్తున్నారు.

గొట్టం వేసినవాళ్ళలో మళ్ళీ లేచి కూర్చున్నవాళ్ళు చాలా తక్కువ. ఆ సంగతి మంచాల మీదున్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. వార్డు చివర తెర వెనక, పోయినవాళ్ళని తీసుకెళ్ళే తలుపుంది. అది తెరుచుకున్నప్పుడల్లా అందరి కళ్ళూ అటే తిరిగేవి.

అలాంటి రోజుల్లో రేపు బాబాయ్ వచ్చాడు.

ఆయన పాలు పోసుకుని బతికే మనిషి. ఏ పనైనా "రేపు చూద్దాంలే" అంటాడని ఊళ్ళో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. గొడ్డుకి జ్వరమొస్తే మూడు రేపులయ్యాక గానీ డాక్టరమ్మకి కబురు పెట్టడు. ఆవిడ వచ్చి ఆయన్ని దులిపేసేది. "నీకు బుద్ధుందా బాబాయ్? పొట్ట డోలులా ఉబ్బేదాకా నిద్రపోయావా?" ఆయన తల గోక్కుంటూ నవ్వేవాడు. ఒక్క ఎర్రావు విషయంలో మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. అది తడి గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆయన రేపూ రేపూ అని ఆగాడు. ఆవిడ వచ్చేసరికి పడుకున్న వైపంతా పుండైపోయింది. బాబాయ్ దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ ముందు నిద్రమందు వేసింది, అది కళ్ళు మూశాక ప్రాణం ఆగే మందు వేసింది. వేసినంతసేపూ మెల్లగా మాట్లాడుతూనే ఉంది.

ఆస్పత్రికీ ఆయన రేపూ రేపూ అనుకుంటూనే వచ్చాడు. పెద్ద డాక్టరు ఆవిడని పక్కకి పిలిచాడు. మనిషికి నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి.

"యంత్రం మీద పెట్టకపోతే ఈ పూట దాటడు. పెడితే చెప్పలేను. ససేమిరా అంటున్నాడు. మీకు తెలిసినాయనట. ఒప్పించండి."

ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళింది. నాలుక చప్పుడు వినగానే ఆయన కళ్ళు తెరిచాడు.

"మా... డాక్టరమ్మేనా?"

"నేనే బాబాయ్."

"ఆఖరికి నీ చేతిలోనే పడ్డానన్నమాట. పాలెన్నిస్తానని మాత్రం... అడక్కు."

ఆవిడ ఆయన పెదాల రంగు చూసింది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం చూసింది. మెడ మీద చెయ్యి ఆనించి గొంతు తగ్గించింది.

"ఏం లేదు బాబాయ్. చిన్న సూది. నిద్ర పట్టేస్తుంది. అంతే, అంతే..."

ఆయన ఆ చేతిని తోసేశాడు. అంత బలం ఇంకా ఉందని ఆవిడ అనుకోలేదు.

"అట్లా మాట్లాడకు."

"ఎట్లా?"

"ఆవుతో మాట్లాడినట్టు. నేను దాని తల పట్టుకునే ఉన్నాను కదా. ఈ గొంతే. నిద్రే అన్నావు. అది లేచిందా?"

ఇన్నేళ్ళలో ఆ గొంతు విన్న ఏ ప్రాణీ తిరిగి మాట్లాడలేదు.

ఆయన ఊపిరి కూడగట్టుకున్నాడు. "తిట్టు. నువ్వు తిట్టినప్పుడల్లా నా గొడ్డు బతికింది."

ఆయన అడుగుతున్నది తిట్లు కాదని ఆవిడకి తెలుసు. ఆశ ఉందా అని అడుగుతున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే ఆవిడ దగ్గర లేదు. గొడ్డయితే ఈ స్థితిలో వైద్యం మొదలే పెట్టేది కాదు. అలాగని ఊరుకుంటే ఆయన తెలివిలో ఉండగానే, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుని పోతాడు. యంత్రం మీద పెడితే వందలో ఒక్కటైనా దారి ఉండొచ్చు.

"సిగ్గుందా నీకు?" అంది గట్టిగా. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "దగ్గు మొదలైననాడే రావడానికి ఏం రోగం? రేపు, రేపు! ఇంత మందిని పరిగెత్తిస్తూ ఇప్పుడు సూది వద్దని పంతమా? చంటిపిల్లాడివా? పిన్ని అక్కడ ఒక్కతే ఆ గొడ్లతో చస్తోంది. నోరు మూసుకుని చెయ్యి చాపు!"

ఆయన మొహంలో బిగువు సడలింది. "సరే... వెయ్యి. చూడి ఆవుని ఎండలో కట్టొద్దని... పిన్నికి చెప్పు."

పెద్ద డాక్టరు మందు ఎంతో చెప్పాడు. ఆవిడే వేసింది. ఆయన కళ్ళు మూతపడేదాకా తిడుతూనే ఉంది.

రేపు బాబాయ్ కొన్నాళ్ళు యంత్రం మీద ఉన్నాడు. ఆవిడే తిప్పి పడుకోబెట్టింది, గొంతులో తెమడ తీసింది, కళ్ళలో చుక్కలు వేసింది. ఒక మధ్యాహ్నం ఆయన గుండె ఆగిపోయింది. ఇంట్లోవాళ్ళకి మొహం కూడా చూపించలేదు. అప్పట్లో ఎవరికీ చూపించేవాళ్ళు కారు.

తర్వాత వీధిలో మాట లేచింది. పశువుల డాక్టరమ్మ సూదేసి పడుకోబెట్టేసిందట, ఆవుని పడుకోబెట్టినట్టే. పెద్ద నర్సు హెచ్చరించింది. "ఎవరడిగినా ఆస్పత్రివాళ్ళు చేశారనండి. మీ చేతి సంగతి ఎత్తకండి."

సెలవు దొరికిన రోజు ఆవిడ పిన్ని దగ్గరికి వెళ్ళింది. పిన్ని కొట్టంలో పాలు పితుకుతోంది. తల తిప్పలేదు.

"సూది నువ్వే వేశావా?"

"నేనే వేశాను పిన్నీ."

"ఎర్రావుకి వేసిందేనా?"

"మొదటిది అదే, నిద్రకి. రెండోది వెయ్యలేదు. గొట్టం పెట్టాలంటే నిద్రపుచ్చాలి. బతకాలనే వేశాం."

"బతుకుతాడనుకున్నావా?"

బిందెలో పాలధార పడుతూనే ఉంది. అనుకున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది.

"లేదు పిన్నీ. అనుకోలేదు. బతుకుతాడన్నట్టు తిట్టాను. తిట్టమన్నాడు."

పాలధార ఆగింది. పిన్ని ఆవు డొక్కకి నుదురు ఆనించింది.

"అయితే నమ్మే పడుకున్నాడు."

"నమ్మాడు."

"నాతో చెప్పావు, సరే. మా అబ్బాయి ఊరినుంచొస్తే వాడితో అనకు. బతకడని తెలిసీ సూదేశావన్న సగమే వింటాడు."

పిన్ని లేచి బిందె అందుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఇంక గొడ్లకి నిన్ను పిలవను. నీ తప్పని కాదమ్మా. నిన్ను చూస్తే ఆ మంచం కళ్ళ ముందుకొస్తుంది. నన్ను చూడనివ్వని మంచం."

"సరే పిన్నీ," అంది డాక్టరమ్మ. చూడి ఆవుని ఎండలో కట్టొద్దన్న మాట చెప్పి, చెప్పులు వేసుకుంది. ఆస్పత్రి నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ మోగింది.