ఊక బస్తాల ఇంజనీరు గారు

పోయిన నెల ఒక పొద్దున నేను కొట్టు షట్టరు ఎత్తుతుంటే పక్క టీ అంగడాయన వచ్చి, "భాయ్, మన ఊక బస్తాల ఇంజనీరు పోయినాడంట. నిద్రలోనే పోయినాడంట" అన్నాడు. షట్టరు సగంలో ఆగిపోయింది, మిగతా సగం ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. "మంచోడే గానీ, ఆ బస్తాల పిచ్చి ఒకటి" అని ఆయన తన దారిన తను పోయాడు. నెల్లూరులో ఆ పేరు ఇంజనీరు గారికి రావడానికి కారణం నేను. ఆయన పోయాక నలుగురూ నాలుగు మంచి మాటలు రాస్తున్నారని నేనూ కలం పట్టాననుకోకండి. సిగ్గుతో చస్తున్నాను, అందుకు రాస్తున్నాను.

నాది స్టీలు సామాన్ల కొట్టు. మూడు రోడ్లు కలిసేచోట, సరిగ్గా మూల మీద ఉంటుంది. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు ఆఫీసరని అనుకోలేదు. తెల్లవారి ఆరు గంటలకు ముగ్గుపిండి సంచి చంకన పెట్టుకుని రోడ్డు మధ్యలో చల్లుకుంటూ పోతున్నారు. తెల్ల చొక్కా, బుగ్గన వక్క. పాపం, ఎవరింటి మనిషో ఇల్లు మర్చిపోయి రోడ్డుకు ముగ్గేస్తున్నాడనుకున్నాను. చల్లడం అయ్యాక నా దగ్గరికొచ్చి స్టూలు అడిగారు. మధ్యాహ్నం దాకా నా కొట్టు ముందు కూర్చుని ముగ్గుపిండి మీద బండ్ల చక్రాలు పోయిన గీతలు చూస్తూ ఉన్నారు.

"గీతలు మనం గియ్యనక్కర్లా భాయ్. బండ్లే గీసి చూపిస్తాయి. వాటెనకాల మనం పోవాల" అన్నారు.

అట్లా మొదలైంది స్నేహం. వారానికి రెండు మూడు రోజులు వచ్చేవారు. టీ తాగుతూ, నన్ను ఎగతాళి చేస్తూ ఉండేవారు. "మీ కొట్టు ముందర నిలబడేవాళ్ళలో సగం మంది కొనేదానికి కాదు భాయ్, రోడ్డు దాటేదానికి. లెక్క నా దగ్గరుండాది" అని నవ్వేవారు. తన ఉద్యోగం గురించి అడిగితే తప్ప చెప్పేవారు కాదు. తడ వైపు పనిచేసినప్పుడు కంపెనీ బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కి ఇరుక్కుంటుంటే, కొత్త రోడ్డు కావాలని అడక్కుండా, షిఫ్టు వదిలే టైములు పావుగంట తేడాతో పెట్టించారట. ఇందుకూరుపేట రోడ్డులో ఒక మలుపు దగ్గర స్కూటర్లు జారిపడుతుంటే అందరూ కుర్రకారు స్పీడని తిట్టారు. ఈయన చెప్పులు విడిచి ఆ మలుపంతా నడిచారట. కాళ్ళకు తడి తగిలింది. రొయ్యల బండ్ల నుంచి కారే నీళ్ళు! మలుపుకు ముందే బండి ఆపి నీళ్ళు వంపుకునే చోటు ఒకటి కట్టించారు. ఆ తర్వాత అక్కడ ఎవరూ పడలేదు.

"జనం కావాలని తప్పు చెయ్యరు భాయ్. రోడ్డే చేయిస్తాది" అనేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెంప మీద కొట్టినట్టుంటుంది.

మా కూడలికి ఆయన వేసిన మందు చిన్నదే. నా కొట్టు ఎదురుగా రోడ్డు మధ్యలో బండ్లు అడ్డంగా తిరిగే సందు మూసేసి, తిరగాల్సిన బండ్లను కొంచెం ముందుకు పంపి అక్కడ తిప్పడం. దాన్ని సిమెంటుతో కట్టేయలేదు. "సిమెంటు పోస్తే తప్పు గూడా గట్టిపడిపోతాది, ముందు ఊకతో చూద్దాం" అని రైసు మిల్లు నుంచి ఊక బస్తాలు తెప్పించి, సున్నం పూయించి వరుసగా పేర్పించారు. నెల రోజులు చూసి, నచ్చితేనే కట్టడం. వారం తిరక్కుండానే కూడలిలో హారన్ల గోల తగ్గింది. ట్రాఫిక్ కానిస్టేబులు నీడన నిలబడి టీ తాగడం మొదటిసారి చూశాను.

ఆ నెల్లోనే ఒక మధ్యాహ్నం, మైపాడులో హోటలు పెడుతున్నవాళ్ళు వచ్చి గుండిగలు, బేసిన్లు పెద్ద బేరం చేశారు. ట్రాలీ ఆటో రోడ్డుకు అవతల ఆగింది. "అంత దూరం పొయ్యి తిరుక్కోని రావాల్నా? నాకు ఇంకో బాడుగుండాది" అని డ్రైవరు విసుక్కున్నాడు. బేరం ఎక్కడ పోతుందోనని, అయిదు నిమిషాల పనేగదా అని, నేనే పోయి రెండు బస్తాలు ఎత్తి పక్కన పెట్టాను. ఆటో వచ్చింది, సామాను ఎక్కింది, పోయింది. ఇంతలో ఇంకెవరో కుక్కరు అడిగారు. బస్తాల సంగతి మర్చిపోయాను.

ఆ సందు చూసి ఇంకో ఆటో దూరింది. అక్కడ బస్తాలుంటాయన్న ధైర్యంతో వస్తున్న టీచరమ్మ స్కూటీని గుద్దింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది.

ఇంజనీరు గారు పరుగున వచ్చారు. అప్పటికే జనం మూగి తిడుతున్నారు. "బస్తాలు ఎవరు జరిపినారు?" అని అడిగారు. నా వైపు చూశారు. "తెలీదు సార్, ఏ గొడ్లో తోసుంటాయి" అన్నాను. నా చొక్కా ముందంతా సున్నం. మోచేతుల దాకా ఊక అంటుకునుంది. ఆయన దాన్ని చూశారు. చూసి, చూపు తిప్పుకుని, వంగి ఆ బస్తాలు ఒక్కరే ఈడ్చి చోట్లో పెట్టారు. నేను చెయ్యి వెయ్యలేదు. వేస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

బజారంతా ఆయన మీద అర్జీ పెట్టింది. విచారణలో ఆయన ఇచ్చిన జవాబు తర్వాత ఒక గుమాస్తా ద్వారా నాకు తెలిసింది: "బస్తా జరపాలని జనానికి అనిపించిందంటే లోపం నా డ్రాయింగుదే." ఆయన్ని మంచినీళ్ళ గొట్టాల పనికి మార్చారు. రిటైరయ్యేదాకా మళ్ళీ రోడ్డు పని ఇవ్వలేదు. కొన్నేళ్ళకు అదే చోట, అదే కొలతతో, సిమెంటు డివైడరు లేచింది. శిలాఫలకం మీద ఆయన పేరు లేదు. ఆ తర్వాత కూడా ఒకసారి నా కొట్టుకొచ్చి టిఫిన్ క్యారియరు కొనుక్కుని, "యాపారం బాగుండాదా భాయ్?" అని అడిగి పోయారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. సామాను అమ్మేటప్పుడు పెద్దగా లేచే నోరు అప్పుడు లేవలేదు.

ఆయన పోయిన మూడో రోజు వాళ్ళింటికి పోయాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి, "బజారంతా సంతకాలు పెట్టినా మీరొక్కరే పెట్టలేదంట గదా భాయ్. ఆయన ఎప్పుడూ ఆ మాటే చెప్తా ఉండేవారు" అని నా చేతికి కాఫీ ఇచ్చింది. సంతకం పెట్టనిది మంచితనంతో కాదు, సిగ్గుతో. నా చొక్కా మీద సున్నం చూసిన సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. నేను ఆ కాఫీ తాగి వచ్చేశాను.

నిన్న మళ్ళీ పోయాను. ఇది అచ్చు కాకముందు ఆమెకు తెలియాలని, ఈ కాగితాలు మొదటినుంచి చదివి వినిపించాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ ఒకే ఒక మాట అడిగింది.

"ఆ టీచరమ్మకు చెప్పినారా?"

పన్నెండేళ్ళుగా ఇంజనీరు గారి మొహం తలుచుకుని కుమిలిపోయాను గానీ, ఒక్కసారైనా ఆ టీచరమ్మ దగ్గరికి పోవాలని నాకు తోచలేదు. ఆమె స్కూటీ మానేసింది. రోజూ నాలుగున్నర బస్సుకు నా కొట్టు ముందే దిగుతుంది.

ఇప్పుడు ఈ కాగితాలు పట్టుకుని కొట్టు మెట్టు మీద నిలబడున్నాను. బస్సు ఆగింది. ఆమె కడ్డీ పట్టుకుని ముందు ఎడమకాలు దింపి, కుడికాలిని చేత్తో పట్టుకుని మెల్లగా కిందికి దించుకుంటోంది.