సామేలు మోయబోయిన కేసు

1957 వేసవిలో నన్ను కర్నూలు నుంచి నంద్యాలకు మోటారు వాహనాల ఇన్స్పెక్టరుగా బదిలీ చేశారు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది అది. కర్నూలులో ఆఫీసులు ఖాళీ అవుతున్నాయి గాని నంద్యాలలో లారీలు పెరుగుతున్నాయి. ఒకపక్క పాణ్యం, ఇంకొకపక్క ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి వరకు నా పరిధి. పై అధికారి, అంటే ప్రాంతీయ రవాణా అధికారి, కర్నూలులోనే ఉండేవారు. నాకు ఒక గుమాస్తా, ఒక బంట్రోతు, ఒక మోటారు సైకిలు ఇచ్చారు.

ఇన్స్పెక్టరు అనగానే రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టే మనిషే చాలామందికి గుర్తొస్తాడు. నిజానికి రోడ్డు తనిఖీ మా పనిలో ఒక భాగం మాత్రమే. లైసెన్సు కోరి వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టడం, బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని ఏటా చూసి ఎఫ్.సి., అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, ఇవ్వడం, ప్రమాదం జరిగితే యంత్రంలో లోపం ఉందో లేదో తేల్చడం మిగిలిన పనులు. నేను చదివింది భౌతికశాస్త్రం. కాలేజీ ప్రయోగశాలలో మాకు పని నేర్పిన డిమాన్‌స్ట్రేటరు, ఎవరికైనా కొలత మొదటిసారే పుస్తకంలో ఉన్నట్టు వస్తే సంతోషించేవారు కారు. మళ్లీ తీయమనేవారు. ఆ అలవాటు ఖాకీ దుస్తుల్లోకీ నా వెంట వచ్చింది. బ్రేకులు బాగున్నాయని డ్రైవరు చెబితే నేను ఎక్కి తొక్కి చూసేవాణ్ణి. దారిలో వాన పడి ఆలస్యమైందంటే ఆ ఊళ్లో వాన పడిందో లేదో కనుక్కునేవాణ్ణి. అందువల్ల నంద్యాలలో నన్ను భోజనానికి పిలిచినవాళ్లు తక్కువ.

ఆ ఏడాది వేరుశనగ పంట ఇళ్లకు చేరే రోజుల్లో, శిరివెళ్ల దగ్గర ఆళ్లగడ్డ వైపు నుంచి వస్తున్న ఒక లారీని ఆపాను. నిండా కాయల మూటలు. బ్రేకులు, దీపాలు, హారను, టైర్లు అన్నీ సక్రమంగా ఉన్నాయి. తోలుతున్నవాడు సామేలు అనే యువకుడు. మీసం సరిగా వచ్చినవాడు కాదు గాని స్టీరింగు పట్టుకున్న తీరులో పనితనం తెలుస్తూనే ఉంది. లైసెన్సు చూపించాడు. మిగతా కాగితాలు అడిగితే, "అవన్నీ రెడ్డి ఇంట్లో ఉంటాయి సార్. నా కాడ లైసెన్సే ఉండాది" అన్నాడు. ఎందుకు అడిగి తెచ్చుకోలేదన్నాను. నేనేదో కూడని మాట అన్నట్టు చూశాడు.

"యాడన్నా అడుగుతారా సార్? ఆయప్ప మీద నమ్మకం లేనట్టు ఉండదా?"

ఇది ఆ ప్రాంతపు ఆచారం. లారీ కొన్ననాడు యజమాని కొబ్బరికాయ కొట్టి తాళంచెవి డ్రైవరు చేతికిస్తాడు. కాగితాలను మాత్రం పట్టుగుడ్డలో చుట్టి, పొలం దస్తావేజులతో పాటు ఇనప్పెట్టెలో పెడతాడు. తాళం డ్రైవరుది, కాగితాలు యజమానివి. వాటిని చూపించమని డ్రైవరు అడగడమంటే, కౌలుదారు వెళ్లి భూస్వామిని పట్టా చూపించమనడం లాంటిది. చట్టం మాత్రం బీమా సర్టిఫికెట్టును అడిగినప్పుడు చూపాలంటుంది. గడువిచ్చి, చెక్ రిపోర్టు రాసి పంపించాను.

గడువులోపలే లారీ యజమాని బాలిరెడ్డి తానే ఆఫీసుకు వచ్చాడు. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో పాతకాలపు సేద్యగాళ్ల కుటుంబం. పట్టుగుడ్డ విప్పి కాగితాలు నా బల్ల మీద పరిచాడు. రిజిస్ట్రేషను ఆయన పేరిట ఉంది. బీమా సర్టిఫికెట్టు గడువు తీరలేదు. కాని అందులో ఉన్న పేరు ఎవరో ప్రొద్దుటూరు వ్యాపారిది. లారీని ఆ వ్యాపారి దగ్గర కొన్నానని చెప్పాడు బాలిరెడ్డి.

"బండితో పాటు టైర్లొచ్చినాయి, టార్పాలినొచ్చింది, జాకీ వచ్చింది. ఇది గూడా దాంతోనే వచ్చింది సార్" అన్నాడు, సర్టిఫికెట్టు మీద వేలు పెట్టి.

బీమా టార్పాలిను లాంటిది కాదు. అది కంపెనీకీ, అందులో పేరున్న మనిషికీ మధ్య ఒప్పందం. ఆ మనిషి బండిని అమ్మేస్తే, కంపెనీ సమ్మతితో కొత్త యజమాని పేరిట మార్పించుకోకపోతే, ఒప్పందం అక్కడితో సరి. నా అభిప్రాయం చాలదని కంపెనీకి రాశాను. అమ్మిననాటితోనే పాలసీ చెల్లకుండా పోయిందని జవాబు వచ్చింది. అంటే సామేలు కొన్ని నెలలుగా బీమా లేని లారీని తోలుతున్నాడు. బాలిరెడ్డి వెంటనే తన పేరిట కొత్త బీమా తీసుకున్నాడు గాని, జరిగిపోయిన నేరానికి అది వర్తించదు.

అప్పటి చట్టం ప్రకారం బీమా లేకుండా బండి తోలినవాడికీ, తోలనిచ్చిన యజమానికీ మూడు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని వేయవచ్చు. పైగా కోర్టు తలచుకుంటే డ్రైవరు లైసెన్సుకు అనర్హుడని ప్రకటించవచ్చు. ఇంత కఠినం ఎందుకంటే, బండి కిందపడ్డ దారినపోయే మనిషికి పరిహారం ఇచ్చే దిక్కు ఆ బీమా ఒక్కటే. అయితే అదే సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. జీతానికి తోలే డ్రైవరు, బీమా లేదని తనకు తెలిసినప్పుడో, లేదని అనుకోవడానికి తగిన కారణం ఉన్నప్పుడో తప్ప, నేరం చేసినట్టు కాదు. ఇద్దరి మీదా కేసు నడపాలా, యజమాని మీదనేనా అన్నది దాన్ని బట్టే ఉంటుంది. సామేలును వాంగ్మూలానికి పిలిపించాను.

వచ్చి నిలబడి, ఎక్కం అప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో చెప్పాడు. "ఇన్సూరెన్సు లేదు, బండి బయటికి తీయొద్దని రెడ్డి ముందే చెప్పినాడు సార్. నేనే ఇనకుండా తీసినా. ఆయప్ప తప్పేమీ లేదు."

మా గుమాస్తా రహిమాన్ సాహెబు కలం మూత పెట్టేశాడు. "ఇంగేంది సార్, కేసు అయిపాయ" అన్నాడు. నేను కదలకపోయేసరికి, సామేలును కాసేపు బయట కూర్చోమని, నాకు లోకం నేర్పించాడు. "ఈడు కేసు మోస్తాండాడు సార్. దీపం లేదనో, లోడు ఎక్కువనో వచ్చే కేసులన్నీ ఈళ్లే మోస్తారు. జుల్మానా యజమాని కడతాడు. రెడ్డి కోర్టు మెట్టెక్కడు, డ్రైవరు బండి దిగడు. ఇద్దరికీ మేలే."

చిన్న కేసుల్లో అది నిజమే. ఇక్కడ మాత్రం సామేలు భుజానికెత్తుకున్న మాట, తనను కాపాడగల ఒకే ఒక్క మినహాయింపును తన చేతులతోనే చెరిపేస్తోంది. అతనికి ఆ సంగతి తెలియదు. నాకు ఇంకొకటి కూడా నచ్చలేదు. ఆ మాట మరీ సులువుగా వచ్చింది. బీమా లేదని బాలిరెడ్డికి ముందే తెలిసి ఉంటే, ఆ సర్టిఫికెట్టును అంత ధీమాగా నా బల్ల మీద ఎందుకు పరిచాడు? ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు.

సామేలును మళ్లీ లోపలికి పిలిచి, ఆనాడు లారీలో ఉన్న కాయలు ఎవరివని అడిగాను. రెడ్డివేనన్నాడు. మూటలు ఎవరు ఎత్తించారంటే, రెడ్డే దగ్గరుండి ఎత్తించాడన్నాడు. బండి తీయొద్దన్న మనిషి దగ్గరుండి మూటలు ఎందుకు ఎత్తించాడని అడిగాను. రహిమాన్ సాహెబు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

"అయ్యన్నీ రాసుకోవద్దు సార్. నేను చెప్పిండేది రాసుకో" అన్నాడు సామేలు.

జైలు సంగతి చెప్పాను. చలించలేదు. లైసెన్సు సంగతి చెప్పాను. "లైసెన్సు గూడానా?" అని తన చేతులు చూసుకున్నాడు. తండ్రి బాలిరెడ్డి చేలోనే పనిచేసి చనిపోయాడనీ, తనను కర్నూలు పంపి డ్రైవింగు నేర్పించి, లైసెన్సు ఇప్పించింది బాలిరెడ్డేననీ అప్పుడు చెప్పాడు. కేసు మోస్తానని ఎవరికైనా మాట ఇచ్చావా అని అడిగితే, "ఎవురికీ లే సార్. నాకు నేనే అనుకున్నా" అన్నాడు. వాంగ్మూలం మార్చలేదు.

యజమాని వాంగ్మూలం కూడా కావాలి కాబట్టి ఆళ్లగడ్డ వైపు వెళ్లాను. బాలిరెడ్డి అరుగు మీద కూర్చొని విత్తనానికి కాయలు ఏరుతున్నాడు. సామేలు కొద్ది దూరంలో లారీ రేడియేటరులో నీళ్లు పోస్తున్నాడు. ఇంట్లోంచి మజ్జిగ వచ్చింది. వాంగ్మూలం ముగిసేదాకా ఏమీ ముట్టకూడదని నేను పెట్టుకున్న నియమం. చెంబు పక్కన పెట్టి సామేలు చెప్పినది చదివాను.

"నేనా? వద్దంటినా? ఎప్పుడు చెప్పినా ఈనికి?" అన్నాడు బాలిరెడ్డి. మరుక్షణమే విషయం అర్థమై లారీ వైపు తిరిగాడు. "రేయ్ సామేలూ, ఇట్ల చెప్పమని ఎవురు నేర్పిచ్చినార్రా నీకు?"

"నువ్వు బోనెక్కితే ఊర్లో బాగుంటాదా నాయనా?" అన్నాడు సామేలు, నీళ్లు పోయడం ఆపకుండానే.

"నువ్వు జైలుకు పోతే బాగుంటాది మల్ల. మీయమ్మ వచ్చి నా గడప ముందర కూసుంటాది. ఆయమ్మకు నువ్వు చెప్తావా సమాదానం?"

అప్పుడు నేను ఆ సెక్షనును తెలుగులో చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు, చెప్పాను. "అంటే తెలీదంటే ఈన్ని ఇడిసిపెడ్తారు. నాకూ తెలీదు గదా, నన్ను?" అన్నాడు. యజమానికి ఆ మినహాయింపు లేదనీ, తెలుసుకోవలసిన బాధ్యత ఆయనదేననీ చెప్పాను. బాలిరెడ్డి ఏరిన కాయలూ ఏరనివీ ఒకే చేటలో కలిపేశాడు. వాంగ్మూలం మీద సంతకం చేయమంటే, వకీలును అడిగి చెప్తానన్నాడు. మజ్జిగ ముట్టకుండానే తిరిగివచ్చాను. వకీలు ఏమి చెబుతాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒకరు నేరం ఒప్పుకుంటుంటే ఇంకొకరిని నోరు విప్పమనే వకీలు ఎక్కడా ఉండడు. ఇద్దరి మీదా చార్జిషీటు వేసి, సర్టిఫికెట్టును ధీమాగా తెచ్చి చూపించింది బాలిరెడ్డేనని, సరుకు ఆయనదేనని నాకు తెలిసిన రెండు వాస్తవాలనూ అందులో చేర్చాను. అంతకు మించి నా హోదాకు అధికారం లేదు.

వాయిదా రోజున నంద్యాల సబ్ మేజిస్ట్రేటు కోర్టులో ఇద్దరూ నిలబడ్డారు. సామేలు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బాలిరెడ్డి కొత్త కండువా వేసుకొని, ఎవరి వంకా చూడకుండా ఉన్నాడు. ఆయన అంతకుముందు ఎన్నడూ కోర్టు గది చూడలేదని తర్వాత తెలిసింది. మేజిస్ట్రేటు అడగగానే సామేలు తన పాఠం అప్పజెప్పాడు. "తెలిసే తోలినా సార్. రెడ్డి వద్దన్నాడు." మేజిస్ట్రేటు రాసుకోవడం మొదలుపెట్టారు.

"అయ్యా, నా మాట గూడా రాసుకో" అన్నాడు బాలిరెడ్డి.

ఆయన వంతు వచ్చినప్పుడు చెప్పవచ్చన్నారు మేజిస్ట్రేటు. వకీలు బాలిరెడ్డి కండువా పట్టి లాగాడు. బాలిరెడ్డి కండువాను ఆయన చేతిలోనే వదిలేసి ముందుకు వచ్చాడు.

"ఆ పిల్లోడు చెప్పేదంతా అబద్దం. మూటలెత్తిచ్చింది నేను, తోలుకపొమ్మనింది నేను. కాగితాలు ఈనికి ఎప్పుడూ సూపిచ్చలే. నాకే తెలీదు, ఈనికేం తెలుస్తాది?"

కోర్టులో నవ్వులు వినిపించాయి. మేజిస్ట్రేటు కలం కింద పెట్టి నన్ను పిలిచారు. సర్టిఫికెట్టును చెల్లుతుందన్న నమ్మకంతో తెచ్చి చూపించింది బాలిరెడ్డేనని, సరుకు ఆయనదేనని చెప్పాను. మేజిస్ట్రేటు సామేలును మళ్లీ అడిగారు, రెడ్డి వద్దన్నది నిజమేనా అని. సామేలు బాలిరెడ్డి వైపు చూశాడు.

"నన్నేంది సూస్తావ్? ఆయన్ను సూసి చెప్పు" అన్నాడు బాలిరెడ్డి.

"లేదు సార్" అన్నాడు సామేలు.

సామేలు మీద కేసు కొట్టివేశారు. బాలిరెడ్డికి జరిమానా పడింది. నిజం తానే చెప్పాడనీ, కొత్త బీమా తీసుకున్నాడనీ జైలు వేయలేదు. నా సాక్ష్యం తూకం ఎంతో నేను చెప్పలేను. బాలిరెడ్డి నోరు విప్పకపోతే మేజిస్ట్రేటు ఆ ఒప్పుకోలునే స్వీకరించేవారని మాత్రం అనుకుంటున్నాను.

బయట లారీ దగ్గర బాలిరెడ్డి చొక్కా లోపలి నుంచి పట్టుగుడ్డ తీశాడు. కొత్త సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషను, పర్మిటు అన్నీ అందులోనే ఉన్నాయి. మూట మూటగానే సామేలు చేతికిచ్చాడు. "ఇంగ ఇవి నీ కాడనే పెట్టుకో. తారీకులు నువ్వే సూసుకో. తప్పితే నన్ను అడుగు, అడగకపోతే తంతా" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "ఆ పొద్దు మజ్జిగ తాగకుండ పోతివి. ఇప్పుడు కేసు అయిపాయ గదా, వస్తావా సార్?" అన్నాడు. ఆ వారమే వెళ్లి తాగాను. నంద్యాల ఉద్యోగంలో నన్ను తమ ఇంటికి పిలిచిన మొదటి కుటుంబం, నేను కేసు పెట్టిన కుటుంబమే.

ఆ కేసు తర్వాత మా ఆఫీసులో రెండు పద్ధతులు మారాయి. బండి చేతులు మారి రిజిస్ట్రేషను బదిలీకి వచ్చినప్పుడు, బీమా ఎవరి పేరిట ఉందో రహిమాన్ సాహెబు అక్కడే అడిగేవాడు. తప్పు ఒప్పుకునే ప్రతి వాంగ్మూలంలోనూ నేను ఒక ప్రశ్న చేర్చేవాణ్ణి: ఈ సంగతి నీకు ఎట్లా తెలిసింది? నేరం ఒప్పుకోవడం కూడా ఒక వాదనే. మిగతా వాదనల్లాగే దాన్నీ పరీక్షించాలి. మనిషిని కాపాడే నిబంధన ఉంటే, అతనికి అర్థమయ్యే భాషలో దాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఇవి నాకు శిక్షణలో చెప్పినవి కావు. ఒక డ్రైవరు, ఒక లారీ యజమాని నేర్పారు. వారికి కృతజ్ఞుణ్ణి.

ఆ రోజు బాలిరెడ్డి వకీలు మాట కాదని ఎందుకు ముందుకు వచ్చాడో నేను ఆయన్ను అడగలేదు. దాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు. చూసింది చూసినట్టు ఇక్కడ రాశాను.