చెమట పడితే మూగబోయే గడియారం

నా బిడ్డకు చదువు చెప్పిన టీచరమ్మ మొన్న గద్వాలల పోయింది. గుండెనొప్పి అన్నరు. బిడ్డకు నర్సు ట్రైనింగుల సీటొచ్చిందని, ఆమెకే ముందు చెప్పాలని, బిడ్డను వెంటేసుకొని నేను ఎగురుకుంట బస్సెక్కిన రోజే పోయింది. గంత సంబురం పట్టుకొని గుమ్మంల నిలబడితే లోపల ఏడుపులు. నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. ఇంకా తగ్గలే.

బిడ్డకు చిన్నప్పుడే షుగరొచ్చింది. దినాం సూదిమందు, దానికి తోడు రక్తం చూసేటందుకు వేలు పొడుసుడు. మా గట్టు ఊరి బడిల హెడ్మాస్టరు "పిల్ల పడిపోతే ఎవరు జవాబు? ఇంట్ల పెట్టుకో" అన్నడు. టీచరమ్మ లేచింది. "పిల్లకు షుగరు, మీకు భయం. ఇంట్ల ఉండాల్సింది ఎవరు సారూ?" ఆ నోటికి దండం పెట్టాలె.

అప్పుడే దుబాయిల ఉన్న నా బామ్మర్ది ఒక గడియారం పంపిండు. చేతికి కట్టుకుంటే ఊకూకె వేలు పొడిచే పని లేకుండ, చర్మం మీదికెల్లే షుగరు చూపిస్తదంట. తగ్గితే కూత పెడ్తదంట. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, బడంత లడ్లు పంచిన.

"షుగరు గడియారానికి లడ్లేందయ్యా, నీ తలకాయ!" అన్నది టీచరమ్మ, ఒకటి నోట్లేసుకుంటనే. తర్వాత దాంతోని వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి మొఖం ఎర్రగ చేసుకున్నది. "చెమట పడితే ఇది లెక్క చూపియ్యదంట. షుగరు పడిపోతే పిల్లకు పట్టేదే చెమట! మనకు కావాల్సినప్పుడే మూగబోతది. గిది చేసినోళ్లను జర మన ఎండల నిలబెట్టాలె!"

ఎండకాలం ఒకరోజు ప్రార్థన లైన్ల నా బిడ్డ తూలింది. గడియారం చప్పుడు చెయ్యలే. టీచరమ్మ మెడ మీద చెయ్యి పెట్టి చూస్తే చెమట మంచులెక్క సల్లగున్నదంట. ఎంబడే చక్కెర నీళ్లు తాగించింది. నేను ఉరికొచ్చేసరికి బిడ్డ లేచి కూసున్నది. తిట్లు మాత్రం నాకు పడ్డయి. "గడియారం మొఖం గాదయ్యా, పిల్ల మొఖం చూడు!"

అప్పటి సంది పదోతరగతి దాకా పిల్లను ముందు బెంచీలనే కూసోవెట్టుకున్నది. ఎవడన్న "షుగరు పిల్ల" అంటే సుద్దముక్క ఇసిరేది. గురి తప్పేది గాదు.

ఊరి పిల్లల మొఖాలన్ని చూసిన మనిషి, తన గుండెను ఒక్క డాక్టరుకన్న చూపించుకోవద్దా? ఇప్పుడు నేను ఎవర్ని తిట్టాలె?

ఆ దినం, శవం లేవకముందు టీచరమ్మ ఇంట్ల ఎవరూ మెతుకు ముట్టలే. పొద్దెక్కింది. సూది వేసుకొని వచ్చిన నా బిడ్డకు తినే యాళ్ల దాటుతున్నది, చేతులు వణకబట్టినయి. సంచిలకెల్లి రొట్టె తీసింది.

"శవం ముందట తినుడేందే?" అన్నది ఒక ముసలమ్మ.

నేను నోరు తెరిచేలోపే నా బిడ్డ అన్నది: "తినకపోతే టీచరమ్మ తిడ్తది, అవ్వా."

టీచరమ్మ కాళ్లకాడ కూసొని, కండ్లల్లకెల్లి నీళ్లు కారుతుంటె, రొట్టె తుంచి తుంచి నమిలింది. ఆ ముసలమ్మే లోపలికి పోయి, చెంబుల నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.