కొమ్ముకాసిరి పురుడు

2018 ఎండాకాలం. అచ్చంపేట దాటాక శ్రీశైలం రోడ్డు అడవిలోకి ఎక్కే చోట, ఆ రోడ్డుకు కొంచెం లోపలగా మా ఊరు. ఆ ఏడు నాకు దొరికిన పనిని నెస్ట్ వాచర్ అంటారు. గూడు కాపలాదారు అన్నమాట. పొద్దున్నే పోయి గూడున్న చెట్టుకు ఎడంగా ఆకుల చాటున కూర్చోవాలి. పిట్ట ఎప్పుడొచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది, ముక్కున ఏం పట్టుకొచ్చింది, అన్నీ చూసి సాయంత్రం చెప్పాలి. నా చదువు మూడో తరగతిలో ఆగింది. కానీ మేం కురుమలం. మందలో ప్రతి జీవం ముఖం ఎరిగి బతికినవాళ్లం. చూసింది మరిచిపోవడం మాకు రాదు. అందుకే ఇదంతా ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఇది బాగుపడే కథ కాదని ముందే చెప్తున్నాను. వినదలుచుకున్నవాళ్లు వినండి.

నాకు పని ఇప్పించింది సౌమ్య. హైదరాబాద్ పిల్ల, పిట్టల మీద పెద్ద చదువు చదువుతోంది. మా ముందరి అర్రలోనే కిరాయికి ఉండేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. మా మరిది మల్లయ్యను కాకా అనేది. మల్లయ్యది మా పక్కిల్లే. చుట్టుపక్కల ఊళ్లలో అతనికి ఒక పేరుంది. తల్లి చచ్చిన మేకపిల్లను ఇంకో తల్లికి కలపడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ పిల్ల ఒంటికి కొత్త తల్లి పాలే పూస్తాడు, మీద ఇంత ఉప్పు రాస్తాడు, తీసుకెళ్లి మేక ముందర వదులుతాడు. మేక ఒకటి రెండుసార్లు పొడుస్తుంది. ఉప్పు రుచికి నాకుతుంది. నాకిందంటే ఇక ఆ పిల్ల తనదే.

"కూసొని పిట్టను చూస్తే జీతమిస్తున్నరట! మా వదినెకు రాజయోగం పట్టింది" అని వాకిట్లో నిలబడి ఎగతాళి చేసేవాడు మల్లయ్య.

"నువ్వు కూసో ఒక్క పూట, తెలుస్తది" అన్నాను. "దగ్గొద్దు, తుమ్మొద్దు, బీడీ తాగొద్దు."

"బీడీ లేకుంటే నేనేం కూసుంట వదినె! పిట్టే వచ్చి నన్ను కాయాలె."

పని మొదలుపెట్టక ముందు సౌమ్య నాకు బొమ్మల పుస్తకం తెరిచి, ఈ పిట్టల వంశమంతా చెప్పింది. మా దిక్కు మేం ముక్కుపిట్ట అని వదిలేసేవాళ్లం. పుస్తకంలో కొమ్ముకాసిరి అంటారట, ఇంగ్లీషులో హార్న్‌బిల్. గద్దంత ఉంటుంది. ఒళ్లంతా బూడిద రంగు, తోక పొడుగు, తోక చివర తెలుపు. కొడవలిలా వంగిన ముక్కు మీద ఇంకో చిన్న ముక్కు బోర్లించినట్టు ఉంటుంది. దాన్ని కాస్క్ అంటారు. ఏ రకమో పోల్చడానికి మొట్టమొదట చూడాల్సింది దాన్నే. మేం గొర్రెను చెవి చూసి పోల్చుకుంటాం కదా, వాళ్లకు కాస్క్ అట్లా. ఇంకో చిత్రం, దీనికి కంటిరెప్పలకు వెంట్రుకలుంటాయి. పిట్టల్లో అది తక్కువట. టెలిస్కోపులో మొదటిసారి చూసినప్పుడు, కాటుక పెట్టుకున్న ఆడమనిషి నన్ను చూస్తున్నట్టే అనిపించింది.

"వీటిది ఒక ఫ్యామిలీ పెద్దమ్మా. అంటే వంశం అనుకో" అంది సౌమ్య. "మన దేశంల తొమ్మిది రకాలున్నయి. పడమటి కొండలల్ల పసుపు ముక్కుది, శానా పెద్దది ఉంటది. అస్సాం దిక్కు మెడ ఎర్రగుండేది ఒకటి. మన నల్లమలల ఉన్నది గీ బూడిద రంగుదే."

"అన్నీ ఒక్క తీరుగనే కాపురం చేస్తయా?"

"మనయి అన్నీ చెట్టు తొర్రలనే. ఆడపిట్ట లోపటికి పోయి గోడ కట్టుకుంటది, మొగపిట్ట తెచ్చి పెడతది. ఆఫ్రికాల మాత్రం నేల మీద నడిచే రకాలున్నయి. అవి గోడ కట్టవు."

"అయ్యో, పురుడు లేని చుట్టాలా! గట్లాంటోళ్ల ఇంటికి పిల్లనియ్యొద్దు బిడ్డా" అన్నాను. సౌమ్య పుస్తకం మూసి మరీ నవ్వింది.

పురుడు అని నేను ఊరికే అనలేదు. మా ఇండ్లల్లో కాన్పయిన పిల్లను చీకటి అర్రలో పెట్టి, తలుపు ఓరగా తీసి తిండి అందిస్తాం. గాలి తగలనివ్వం. ఈ పిట్టదీ అదే. నల్లమద్ది చెట్టు తొర్రలోకి ఆడపిట్ట దూరింది. మొగపిట్ట మట్టి తెచ్చిస్తే, దానికి తన రెట్ట కలిపి, ముక్కుతోనే లోపలి నుంచి మెత్తింది. ముక్కు కొన పట్టేంత సందు మిగిల్చి వాకిలంతా మూసేసింది. నేను కూర్చుని చూశాను. మా అత్త కూడా అంత నున్నగా గోడ అలకలేదు.

ఆ లోపలే దాని రెక్కల ఈకలు రాలిపోతాయట. పిల్లలు పెద్దయ్యేదాకా మళ్లీ మొలుస్తాయి. అంటే అంతవరకు ఎగరలేదు. తిండీ నీళ్లూ ప్రాణమూ అన్నీ బయట తిరిగే ఒక్క మొగవాడి మీదే.

అంతకుముందు ఏళ్లలో గూడున్న తొర్రలన్నీ మేమిద్దరం తిరిగి చూశాం. కొన్ని చెట్లు గాలికి కూలాయి. కొన్నింటిలో తేనెటీగలు చేరాయి. కొన్ని ఊరికే ఖాళీగా ఉన్నాయి. మేం తిరిగిన మేరలో ఆ ఏడు వాకిలి మూసింది ఈ ఒక్క గూడే. ఆ రోజు ఇంటికొచ్చి సౌమ్య అన్నం ముట్టలేదు.

"ఇది ఒక్కటి నిలవాలె పెద్దమ్మా. ఇదన్న నిలవకుంటే మన దిక్కు ఇగ చెప్పుకోనీకి ఏముండదు" అంది.

మొదట్లో బాగానే సాగింది. వాగు ఒడ్డున ముదురు జువ్విచెట్టు ఒకటి ఉంది. దాని నిండా పండ్లు. మొగపిట్ట అక్కడ గొంతు నిండా మింగి వచ్చేది. మద్దిచెట్టు బెరడు పట్టుకుని వేలాడుతూ, గొంతులోంచి ఒక్కో పండు ముక్కు కొనకు తెచ్చి, సందులోంచి అందించేది. లోపలి ముక్కు అందుకునేది. తర్వాత లోపల సన్నగా అరుపులు వినిపించాయి. "పిల్లలు!" అని సౌమ్య నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. గోరు గుచ్చుకున్నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడు ఎండ సంగతి మా దిక్కువాళ్లకు చెప్పనక్కరలేదు. వాగులో చెలిమె తీస్తే తడి ఇసుక తప్ప నీటిచుక్క లేదు. గడ్డి లేదు. మల్లయ్య మేకలు ఈనాయి. తల్లులకు పొదుగులు ఎండిపోయి, పిల్లలు నిలబడలేక కూలబడుతున్నాయి. మాలో తాతల నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది. ఈనిన మేకకు పాలుగారే చెట్టు ఆకే మేపాలి, అప్పుడే పొదుగులోకి పాలు దిగుతాయి అంటారు. పాలుగారే చెట్టంటే మర్రి, రావి, మేడి, జువ్వి. మిగతావన్నీ అప్పటికే మోళ్లయ్యాయి. పొడుగు కట్టెకు కొడవలి కట్టుకుని మల్లయ్య వాగు దిక్కు పోవడం చూసి నేను వెంటపడ్డాను. పోయేసరికే జువ్వి సగం నేల మీద ఉంది. పండ్లతో సహా కొమ్మలు, వాటి మీద మేకలు.

"మల్లయ్యా, ఆపు! అది పిట్ట తినే చెట్టు. గూట్ల పిల్లలున్నయి" అన్నాను.

అతను చెట్టు మీద నుంచే చూశాడు. కోపం కూడా లేదు ముఖంలో.

"గూట్ల పిల్లలున్నయి. మరి నా దొడ్ల ఉన్నయేంది వదినె, రాళ్లా? పొద్దుగాల రెండిటిని పూడ్చొచ్చిన. నువ్వే చెప్పు, ఏ పిల్లను చూడాలె నేను?"

నేనూ మేకల ఇంటి కోడలినే. ఈనిన తల్లి పొదుగు చేత్తో నొక్కితే చుక్క రాకపోవడం నేనూ ఎరుగుదును.

"జర పై కొమ్మలన్న ఉంచు" అన్నాను చివరికి.

"ఉంచుత. పిట్ట నీ చుట్టమాయె, దాన్ని ఉపాసముంచుతనా" అన్నాడు. అన్నట్టే ఉంచాడు. కానీ మిగిలిన పండ్లు కోతులు వచ్చి ఒక్క పూటలో ఊడ్చేశాయి.

ఆ తర్వాత మొగపిట్ట రాకలు పలచబడ్డాయి. వాగు దిక్కు నుంచి రావడం మానేసి రోడ్డు దిక్కు నుంచి రాసాగింది. రోడ్డు అవతల ఎక్కడో రావిచెట్టు దొరికి ఉంటుంది. లోపలి ముక్కు సందులోంచి బయటకు పొడుచుకుని అట్లాగే ఉండేది. నోరు తెరిచి కూడా అరిచేది కాదు. ఒకరోజు పొద్దంతా కూర్చున్నాను, మొగపిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు.

సౌమ్య, నేను రోడ్డు పట్టుకుని వెతికాం. మలుపు దగ్గర, కంకర పక్కన కనబడింది. ఏదో బండి తగిలింది. ఏ బండి అని ఎవరిని అడుగుతాం, యాత్రకు పోయే బండ్లు ఆగవు కదా. సౌమ్య దాన్ని చేతుల్లోకి తీసుకుంది. తల వాలింది, గొంతులోంచి రావిపండ్లు ఒకటి వెనక ఒకటి రాలి రోడ్డు మీద పడ్డాయి. నలగలేదు. ఒక్కదానికీ గాటు కూడా లేదు. నేను అవన్నీ ఏరి కొంగులో కట్టుకున్నాను.

సౌమ్య ఫారెస్టు బీటు సారుకు, తన గురువుకు ఫోన్లు చేసింది. గోడ పగలగొట్టొద్దు, తల్లి ఎగరలేదు, సందులోంచే తిండి పెట్టి చూడండి అన్నారు. చెట్టెక్కేవాడు కావాలి. నేను పోయి మల్లయ్యకు చెప్పాను. అతను చేతిలో ఉన్న గంజి గిన్నె కింద పెట్టి లేచాడు.

వెదురు బద్ద చీల్చి, కొసన పండు ఇరికించి, చెట్టు మీద నుంచి సందులోకి పెట్టాడు. తల్లి వెనక్కి, తొర్ర పైభాగంలోకి ఎగబాకిపోయింది. మళ్లీ పెట్టాడు. బతిమాలాడు. "తిను అవ్వా, తిను. ఆడు తెచ్చిందే ఇది, ఇంకోడిది కాదు" అని చెట్టు మీద నుంచి మల్లయ్య అంటుంటే కింద మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నా కొంగులోని పండ్లు అట్లా అన్నీ అయిపోయాయి. కొన్ని లోపల పడ్డాయి, కొన్ని కింద రాలాయి. తిన్నదో లేదో తెలియదు.

మరుసటి పొద్దున పోయేసరికి గోడ పగిలి ఉంది. పిల్లల ఆకలి చూడలేక తల్లే పగలగొట్టుకుని బయటకు దూకింది. రెక్కలు లేవన్న సంగతి దానికి తెలియదా? తెలిసే దూకి ఉంటుంది. కలివి పొద దగ్గర మట్టిలో దాని గోళ్ల గీతలున్నాయి. చెట్టు మొదట్లో బెరడు చీరి ఉంది. కిందకు దిగి, మళ్లీ పైకి ఎక్కబోయినట్టుంది. పొద అవతల తోక ఈకలు దొరికాయి. చివర తెల్లగా. ముంగిసో, అడవిపిల్లో.

మల్లయ్య ఎక్కి తొర్రలో చెయ్యి పెట్టాడు. ఒక పిల్ల చల్లబడిపోయింది. ఇంకోటి అతని వేలు తగలగానే నోరు తెరిచింది. ఒంటి మీద ఈకైనా లేని ముద్ద. దాన్ని రుమాల్లో చుట్టి, రొమ్ముకు ఆనించుకుని దిగాడు. దిగుతూనే అతని ముఖం వెలిగింది. చేతనైన పని దొరికినవాడి ముఖం అది.

"బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఇంకో గూడు చూపించు. ఇంకో తల్లికి కలుపుదం. గోడ సందులకెళ్లి లోపటికి తోస్తే సాలు, ఆ తల్లి సాదుకుంటది. గిది నాకు విడిచిపెట్టు."

సౌమ్య అతని వంక చూసి, తల దించుకుంది.

"ఇంకో తల్లి లేదు కాకా."

"గీ వాగు పొంట లేకుంటే ఆ గుట్ట దిక్కు..."

"యాడ లేదు. అంతా తిరిగినం కాకా, నేను, పెద్దమ్మ. ఈ ఏడు వాకిలి మూసింది ఇదొక్కటే."

మల్లయ్య నా వైపు చూశాడు, నేనైనా కాదంటానేమోనని. అట్లాగే కింద కూర్చుండిపోయాడు. రుమాలు ఒళ్లో పెట్టుకుని, పండు గుజ్జు నలిపి వేలి కొసతో పెడుతూ ఉన్నాడు. అచ్చంపేట పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు చేతనైంది చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మల్లయ్య రుమాలు విప్పలేదు. ఇంటికి రాగానే అట్లాగే తీసుకుపోయి, మేకపిల్లల పక్కన పూడ్చాడు.

మరుసటి ఏడు కూడా తిరిగాం, ఆ పై ఏడూ తిరిగాం. వాకిలి మూసిన తొర్ర కనబడలేదు. సౌమ్య చదువు ముగించుకుని వెళ్లిపోయింది. గూడు లేనప్పుడు గూటికి కాపలా ఎందుకు, నా పనీ పోయింది. లోపలి అడవిలో ఎక్కడో ఉన్నాయని అంటారు. ఉంటే మంచిదే. మా దిక్కు మాత్రం ఆ పిట్ట అరుపు లేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. మందలో తల్లి చస్తే పిల్ల బతుకుతుంది, ఎందుకంటే ఇంకో తల్లి ఉంటుంది. ఒక్కటే మిగిలేదాకా రానిచ్చాక మాత్రం ఎవరి చేతి విద్యా పనికిరాదు. అప్పుడు కాపలా పెట్టడమంటే, పోవడాన్ని దగ్గర కూర్చుని చూడడమే. నేను చూశాను.

జువ్వి మళ్లీ చిగిర్చింది. మునుపటికన్నా గుబురుగా ఉంది. ఎండాకాలం వస్తే పండ్లు విరగకాస్తాయి, రాలతాయి, చీమలు పడతాయి. ఎంత కరువొచ్చినా మల్లయ్య ఆ చెట్టు మీద కొడవలి పెట్టడు. మొన్న ఎండలకు వాళ్ల మేకలు ఈనితే నేనే అన్నాను, "పోయి నాలుగు కొమ్మలు కొట్టుకురా మల్లయ్యా, ఇప్పుడెవలు తింటున్నరు దాన్ని" అని.

"అందుకే కొట్టబుద్ధి కాదు వదినె" అన్నాడు.