పదకొండో నంబరు పాక

మా ఊరికి పోస్టుపెట్టె వచ్చింది నా అర్జీ మీద. పడవల రేవుకి రాతిమెట్లు పడ్డదీ నా అర్జీ మీదే. వీధిబడిలో అయిదేళ్లే చదివినా, నా దస్తూరీ చూడగానే గుర్తుపట్టే గుమాస్తాలు ఏలూరు కచేరీలో ఉండేవారు. అవన్నీ చెప్పుకునే నోటితోనే వెంకటనరసమ్మ కోసం రాసిన అర్జీ గురించి కూడా చెప్పాలి.

వెంకటనరసమ్మది కొల్లేటి చేపలవాళ్ల ఇల్లు. పెనిమిటి పోయాడు, బిడ్డలు లేరు. డెబ్బై దాటినా చేపకు ఉప్పు పట్టించడంలో ఆమెను మించినవారు లేరు. కుడికంటికి పొర కమ్మింది. వరదలో గుడిసె కొట్టుకుపోతే, సర్కారు మెరక మీద వేయించిన ఇరవై పాకల్లో పదకొండో నంబరు ఆమెకిచ్చారు. దాన్ని ఇప్పించిందీ నేనే.

ఎండాకాలం నీరు తీశాక కొల్లేటివాళ్లు చేప కోసం లోపలి లంకలకు పోయి రెండు నెలలు ఉంటారు. పోతూ పోతూ ఇంటి తలుపు తడికను విప్పి పడవలో వేసుకుంటారు. అక్కడ రెండు గెడలు పాతి, దాన్ని పైన వాలిస్తే అదే నీడ. తలుపు లేని ఇల్లు కనబడితే, మనిషి చేపకు పోయింది, తిరిగొస్తుంది అని చుట్టుపక్కలవాళ్లకు తెలుసు.

1936 చైత్రంలో ఆమె అలాగే వెళ్లింది. ఆ వారమే కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు పాకలు తనిఖీ చేశాడు. పదకొండో నంబరుకి తలుపు లేదు, పొయ్యిలో నిప్పు లేదు. వదిలి వెళ్లినట్టు రాసుకుపోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి గుంజకి ఆ పొద్దునే అంటించిన నోటీసు ఉంది. దాన్ని ఒలుచుకుని మా అరుగు దగ్గరికొచ్చింది.

"ఇందులో ఏవుందండీ రాజుగారూ?"

"పదిహేను రోజుల్లో జవాబు చెప్పకపోతే పాక ఇంకొకరికి ఇస్తారట."

"నేనున్నాను కదండీ."

"నువ్వు లేవని రాశారు నరసమ్మా."

"నాకు ఒక కన్నైనా ఆనుతుందండీ. పాపం, ఆయనకి రెండూ ఆనవేవో."

నవ్వుతూనే అంది. పడమట మబ్బు పట్టింది. వానలకి ఇంక ఎన్నాళ్లో లేదు.

అప్పుడే కూర్చుని అర్జీ రాశాను. మా ఊరి మనిషి తడిక కింద పడుకుంటుందని సర్కారుకి రాయడం నామోషీ అనిపించింది. లంకలో ఆమెకు ఇల్లుందనీ, రెండు నెలలు అక్కడ కాపురముంటుందనీ గౌరవంగా రాశాను. చదివి వినిపిస్తే ఆమె చేతులు జోడించింది.

పది రోజులైనా జవాబు రాలేదు. ఆమెను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్లాను. హెడ్‌గుమాస్తా నిత్యానందం గారు నాకు కుర్చీ వేయించారు.

"మీ అర్జీ చూశానండీ. లంకలో ఇల్లున్నట్టు మీరే రాశారు. వేరే ఇల్లున్నవారికి సర్కారు పాక ఉంచకూడదండీ."

"అది ఇల్లు కాదండీ. తలుపు తడిక."

"మరి ఇల్లని రాశారేవండీ?"

గోడవారన నిలబడ్డ నరసమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఉత్తర్వులిచ్చే దొరవారు గూడెం క్యాంపులో ఉన్నారండీ. వారు మారిస్తేనే," అన్నారాయన.

తాడేపల్లిగూడెం రైలెక్కాం. రైలెక్కడం ఆమెకదే మొదలు. కిటికీ వైపు కూడా చూడలేదు. "ఇంకా నాలుగు రోజులున్నాయి కదండీ?" అని దారి పొడుగునా అదే అడిగింది. గూడెంలో దొరవారి బంట్రోతు నా రెండో అర్జీని పట్టుకెళ్లి, అలాగే తిరిగి పట్టుకొచ్చాడు. ఏలూరు కచేరీ ద్వారా రావాలట. ఏలూరులో మళ్లీ ఇస్తే, దొరవారు క్యాంపు నుంచి వచ్చాక చూస్తామన్నారు.

దొరవారు రాకముందే గడువు తీరింది. పదహారో రోజున వానలో మునసబు ఒక ముసలాయన్ని తీసుకొచ్చాడు. పేరు బాలస్వామి. అదే వరదలో ఇల్లు పోయి రెండేళ్లుగా పశువులపాకలో ఉంటున్నవాడు. ఉత్తర్వు ఆయన పేరున ఉంది. నరసమ్మ ఉప్పుకుండ ఎత్తుకుని బయటికి రాబోతే ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంత వానలో ఎక్కడికెళ్తావు అక్కా? ఆ మూల నువ్వుండు, ఈ మూల నేనుంటాను."

అలాగే ఉంటున్నారు. అయితే ఉత్తర్వులో పేరు లేని మనిషి పాకలో కనబడితే ఆయన పాకా పోతుంది. ఇన్‌స్పెక్టరు పడవ వస్తోందంటే ఆమె మూట పట్టుకుని వెనక తుంగలోకి పోయి మోకాలిలోతు నీళ్లలో కూర్చుంటుంది. మొన్న శుక్రవారం కూర్చుంది. పడవ ఎప్పుడో వెళ్లిపోయింది; ఆమెకు తెలియలేదు. నేను వెతుక్కుంటూ వెళ్లాను. తుంగ కదలగానే మూటను కడుపుకి అదుముకుని, చూపున్న కన్ను ఇటు తిప్పింది.

"ఎవరండీ?" అంది. నేను పలికేదాకా ఊపిరి తీయలేదు.