సామి చోట చింతగింజ

కడపలో పేకముక్కలు కూడబెట్టేవాళ్లకు ఇప్పుడొక సంఘం ఉంది. దానికో అధ్యక్షుడు, అద్దాల బీరువా, గోడకు నియమాల పట్టిక ఉన్నాయి. నేను కాలేజీ చదువు ముగించి, పెళ్లయి, అమ్మను వెంటబెట్టుకుని ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇవేవీ లేవు. పక్కింటి ఖాలా వెనక వసారాలో ఒక చాప ఉండేది. అంతే. ఖాలా అంటే పిన్నమ్మ, కానీ ఆమె మాకు బంధువేమీ కాదు. వీధంతా ఆ ముసలామెను అట్లాగే పిలిచేది.

చాప మీద కూర్చునేది నలుగురం. ఖాలా, మిషన్ బడి టీచరమ్మ, మా అమ్మ, నేను. మాలో పేక ఆడేవాళ్లు ఒక్కరూ లేరు. దొరల క్లబ్బులో పారేసే పాత కట్టలను అక్కడి బట్లరు ఖాలాకు తెచ్చిచ్చేవాడు. టీచరమ్మకు ముక్కల వెనకవైపు బొమ్మలంటే పిచ్చి. ఓడలు, నెమళ్లు, గులాబీలు. వాళ్ల చర్చిలో పేక పేరెత్తితేనే పాపం.

"నేను ఎప్పుడూ బోర్లించే చూస్తాను. దేవుడు తప్పు పట్టడు" అనేది.

"మీ దేవునికి వీపు కనపడదా ఏమ్మా?" అని ఖాలా ఎత్తిపొడిచేది.

మా అమ్మది గంజీఫా అనే పాతకాలం పేక. గుండ్రటి లక్కముక్కలు. దశావతారాలు, అవతారానికి పన్నెండు చొప్పున. అమ్మ పుట్టింటివాళ్లది అహోబిలం దిక్కు, ఇంటిదేవుడు నరసింహస్వామి. అంత కట్టలోనూ లేనిది నరసింహుడు రాజుగా కూర్చున్న ముక్క ఒక్కటే.

లేని ముక్క చోట చింతగింజ పెట్టడం ఖాలా పెట్టిన పద్ధతి. ఆ ముక్క ఎవరికి దొరికినా తెచ్చి అక్కడ పెట్టి, గింజ తీసుకుపోవాలి. ఇంకేమీ అడగకూడదు. ఖాలా కొంగుముడిలో ఎప్పుడూ గింజలు గలగలలాడేవి. "నా అంత షావుకారు ఈ కడపలో యాడుండాడు?" అనేది.

"ఏమమ్మా, మీ సామి ఇంకా రాలేదా?" అని అమ్మను అడిగేది.

"కొండ దిగి నడిచి రావల్ల గదా. వస్తాండాడులే."

మా చాప సంగతి ఊళ్లో పాకింది. మొదట మేమే సంతోషపడ్డాం. మగవాళ్లు వచ్చారు. ఒక వకీలు అధ్యక్షుడయ్యాడు. మా ఆయన్ను కార్యదర్శిని చేశారు. కూటం వసారా నుంచి వకీలు ఇంటి హాలుకు మారింది. గోషాలో ఉండే ఖాలా మగవాళ్ల హాలుకు ఎట్లా వస్తుందని ఎవరూ అడగలేదు. టీచరమ్మ కొన్నాళ్లు వచ్చింది. ఆమె బోర్లించి పేర్చిన ముక్కలను వకీలు వెల్లకిలా తిప్పి, "వెనక బొమ్మలకు విలువ లేదమ్మా" అన్నాడు. తర్వాత ఆమె రాలేదు.

అమ్మ పోయింది. పోయే ముందు గంజీఫా పెట్టె నా చేతికిచ్చి, "సామి వస్తే కూర్చోబెట్టు" అంది.

ఆ ఏడు కూటంలో ముక్కలు పరిచి, చింతగింజ పెట్టి కూర్చున్నాను. వకీలు జేబులోంచి గుండ్రటి ముక్క ఒకటి తీశాడు. నంద్యాల సంతలో దొరికిందట. పసుప్పచ్చ నేల మీద నరసింహుడు. అంచుకు మా ముక్కలకున్న ఎర్రచారే. నేను గింజ తీసి చోటిచ్చాను. ఆయన అది చూసి నవ్వి, ముక్కను మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"గింజలకిచ్చేస్తే సంఘం యాడ నిలబడుతుందమ్మా? ఆయనొక్కడు మీ ఇంటికి రావడమెందుకు? మీవాళ్లంతా మా బీరువాకు వస్తే సరిపాయ గదా."

హాలంతా నవ్వింది. మా ఆయనా నవ్వాడు.

నేను ఇవ్వనన్నాను. పాప పుట్టేదాకా ఆ మాట మీదే ఉన్నాను. పాప పాకడం నేర్చాక చేతికందినదల్లా నోట్లో పెట్టుకోసాగింది. గంజీఫాకు వేసే పసుప్పచ్చ రంగు హరిదళం. అది విషమని కాలేజీలో చదువుకున్నాను. పెట్టెకు తాళం వేసి అటకెక్కించాను. అయినా నిద్రలో ఉలిక్కిపడి లేచి తాళం చూసుకునేదాన్ని. ఇప్పుడు కూడా పాప ఊపిరి వింటూనే ఇది రాస్తున్నాను. ఆ భయం మా ఆయనతో చెప్పుకున్నాను. ఆయన వెళ్లి వకీలుతో చెప్పాడు.

వకీలు మా ఇంటికొచ్చి పాపను ఎత్తుకున్నాడు. "చదువుకున్నదానివి. విషమని తెలిసీ పసిబిడ్డ తిరిగే ఇంట్లో పెట్టుకుంటావా తల్లీ?"

"తాళం వేసే పెట్టినాను" అన్నాను.

"రేపు ఇది ఏదన్నా మింగితే నీ సామి వస్తాడా?" అన్నాడు మా ఆయన.

నేను వకీలు చేతుల్లోంచి పాపను తీసుకున్నాను. పెట్టె వాళ్లే దించుకున్నారు.

ఇప్పుడు నరసింహుడు తనవాళ్ల మధ్య అద్దాల బీరువాలో కూర్చున్నాడు. కట్ట నిండింది. కింద అట్టముక్క మీద వకీలు పేరుంది. సంఘం ఆయన హాలులోనే పుట్టిందని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. వాళ్లకు మరోమాట చెప్పేవాళ్లూ లేరు.

మొన్న ఖాలా గోడ అవతల నుంచి అడిగింది. "మీ సామి వచ్చినాడంట గదా బేటీ?"

వచ్చాడన్నాను.

"అయితే గింజ ఎవరు తీసుకపాయ?"

ఎవరూ తీసుకుపోలేదు. అది నా దగ్గరే, గూట్లో ఉండేది. నిన్న పాప గుప్పిట్లో కనిపించింది. గొంతుకు అడ్డం పడుతుందని వేళ్లు విడదీసి లాక్కుని, వీధిలోకి విసిరేశాను.